తొమ్మిదో అంతస్తు, నలభై పాళ్ళు

తూకానికి ముప్పై మూడు రోజులు

ఈ పుస్తకం రాయమన్నది గాయపడ్డ సైనికుల సంఘం వాళ్ళ ఏడో నంబరు కరపత్రం. ఆ సైనికుల పక్కన ఉండేవాళ్ళు రోజూ రాసిపెట్టిన మాట కూడా సాక్ష్యమేనని అందులో లావు అక్షరాల్లో వేశారు. నా దగ్గర ఒకటి నుంచి తొమ్మిది దాకా అన్ని నంబర్లూ ఉన్నాయి, ఆరో నంబరు తప్ప. అది తడిసిపోయింది. బడికి ఐదేళ్ళే వెళ్ళాను. మిగతా చదువంతా వాటిలోనే.

నా పేరు పైడితల్లి. ఇరవై ఏళ్ళు. మూడో గట్టు దగ్గర ఉప్పు మిల్లులో బస్తాలు మోస్తాను. నేను పక్కన ఉండేది మా చిన్నమ్మ అసిరమ్మకి. గట్టు దళంలో పదకొండేళ్ళు చేసింది. ఇవాళ ఈ ఊరు ఇంకా నీళ్ళకి ఇవతల ఉందంటే ఆ దళం గట్టు గోడ మీద నిలబడింది గనక. అక్కడే చిన్నమ్మ ఎడమ పాదం చీలమండ దగ్గర పోయింది. అవతలివాళ్ళు వదిలిన పసుపు పొగ పీల్చి ఊపిరితిత్తులు పోయాయి. దేశం ఆమెని కూర్చోబెట్టి కొలిచి నలభై పాళ్ళు అంది.

ఒక మనిషి ఎంత విరిగిందో చెప్పే అంకెని పాళ్ళంటారు. ఇలాంటి సైనికులకి ఇచ్చిన మా వీర నివాసంలో కొత్తవాళ్ళు కనబడితే ఎవరూ పేరు అడగరు, ఎన్ని పాళ్ళని అడుగుతారు. ఎనభై దాటితే నేల అంతస్తు. అరవై దాటితే రెండో మూడో అంతస్తు, పైగా లిఫ్టు. లిఫ్టు తలుపు పాళ్ళ ఆఫీసు చేతికి వేసిన కడియాన్ని చూసి తెరుచుకుంటుంది, అరవైకి ఒక్క పాలు తక్కువైనా మూగదానిలా నిలబడుతుంది. నలభై వాళ్ళకి తొమ్మిదో అంతస్తు. ముప్పై, ఇరవై వాళ్ళకి పదకొండు.

పాదం లేని మనిషిని తొమ్మిదో అంతస్తులో పెట్టారు. నూట అరవై రెండు మెట్లు. పొద్దున్న ఆరింటికి కింద ముంగిట్లో హాజరు, సాయంత్రం కిందే ఆవిరి మందు. అంటే రోజుకి రెండుసార్లు దిగాలి, రెండుసార్లు ఎక్కాలి. ఆవిరి గదిలో నర్సు నిన్న నన్ను పక్కకి పిలిచి, వానాకాలం తేమలో ఈ మనిషి ఇలాగే మెట్లెక్కితే కార్తీకం చూడదని చెప్పింది. చెప్పి, తన పేరు ఎక్కడా రాయొద్దంది. రాయలేదు.

మళ్ళీ తూకం వేయమని, అంటే పాళ్ళు మళ్ళీ కొలవమని, నేనే దరఖాస్తు పెట్టాను. చిన్నమ్మ వద్దంది. నేను వినలేదు.


తూకానికి ముప్పై రెండు రోజులు

ఇవాళ పాళ్ళ ఆఫీసు కిటికీ దగ్గర పోట్లాడాను. పాదానికి ముప్పై, ఊపిరికి ఇరవై ఇచ్చినప్పుడు మొత్తం యాభై కావాలి కదా, నలభై ఎలా అయిందని అడిగాను. లోపలున్న గుమాస్తా నాకు ఓపిగ్గా లెక్క చెప్పాడు. పాదం పోయాక మనిషిలో మిగిలింది డెబ్బై. ఊపిరికి ఇచ్చే ఇరవై, ఆ మిగిలిన మనిషి మీద వేయాలి. డెబ్బైకి నూటికి ఇరవై చొప్పున పధ్నాలుగు. మొత్తం నలభై నాలుగు. దాన్ని దగ్గరి పదికి సవరిస్తే నలభై.

మిగిలిన మనిషి అన్న మాట వాళ్ళ నిబంధనల పుస్తకంలోనే ఉంది, నేను కల్పించలేదు. అంటే రెండో గాయం తగిలేటప్పటికి మా చిన్నమ్మ పూర్తి మనిషి కాదట, అందుకని ఆ గాయం విలువ తక్కువట. పొగ పీల్చింది మిగిలిన మనిషా అని అరిచాను. గుమాస్తా కిటికీ మూసేశాడు.

ఇంటికొచ్చి నేనూ లెక్క వేశాను. ఊపిరికి నలభై ఒప్పించగలిగితే డెబ్బైకి నూటికి నలభై చొప్పున ఇరవై ఎనిమిది. ముప్పైతో కలిపి యాభై ఎనిమిది. సవరిస్తే అరవై. లిఫ్టు తలుపు తెరుచుకుంటుంది. మా బతుకంతా ఇప్పుడు ఆ ఊపిరి మీద ఉంది.


తూకానికి ముప్పై ఒక్క రోజులు

ఎనిమిదో అంతస్తు సన్యాసిరావు మావ వచ్చాడు. చిన్నమ్మతో గోడ మీద కాపలా కాసినవాడు. కుడిచెయ్యి భుజం దాకా లేదు. నలభై పాళ్ళ మనిషే అయినా, ఎనిమిది ఖాళీగా ఉందని అందులో వేశారు. చిన్నమ్మకన్నా ఒక అంతస్తు గొప్పవాణ్ణని రోజూ అంటాడు.

తొమ్మిదో నంబరు కరపత్రం ఆయనకి చదివి వినిపించాను. మనల్ని మెట్లెక్కించేది వాళ్ళే, ఎక్కగలుగుతున్నామని మన మీద రాసేదీ వాళ్ళే అని అందులో ఉంది. కడియం మన అడుగులన్నీ లెక్కపెట్టి ఆఫీసుకి పంపుతుందట. తూకం నాడు ఆ లెక్క ముందు పెట్టి, రోజూ ఇన్ని మెట్లెక్కే మనిషికి ఇంకేం కావాలని అడుగుతారట. నేను మూడుసార్లు చదివాను. చదివినకొద్దీ ఒళ్ళు మండింది.

మావ నిజమేనన్నాడు. దళంలో వాళ్ళ కాళ్ళకి ఉండే పట్టీలు అడుగులే లెక్కపెట్టేవట. కాపలాలో ఎవడు నడిచాడు, ఎవడు కూర్చున్నాడు అన్నది వాటిని చూసే తేల్చేవారట. "ఆ పట్టీనే సేతికి తగిలించేరు, అంతే. నాకు తెల్దేటి దాని గుణం, పదకొండేళ్ళు మోసేను" అన్నాడు.

కడియం తీసి ఇంట్లో పెట్టే వీల్లేదు. మణికట్టుకి అతికించి సీలు వేశారు. అప్పుడు నాకు తట్టింది. కడియం ఉంటే ఉంది, అడుగులే లేకపోతే? ఈ నెలంతా చిన్నమ్మని మోసుకెళ్ళి మోసుకొద్దామన్నాను.

చిన్నమ్మ ఒప్పుకోలేదు. బతికుండగా శవంలా మోయించుకోనంది. మావ లేచి ఆమె మంచం ముందు వెనక్కి తిరిగి, మోకాళ్ళు వంచి కూర్చున్నాడు.

గట్టు దళంలో ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా వీపు ఇస్తే కాదనకూడదు. గోడ మీంచి వెనక్కి తగ్గేటప్పుడు, నన్నొదిలి పొండి అని బతిమాలినవాళ్ళ దగ్గర ఆగిపోయి వరసలకి వరసలే పోయాయట. అది అధికారులు పెట్టింది కాదు, అందుకని సైనికులే పెట్టుకున్న చట్టం. దళపతి ఆజ్ఞ కాదన్నవాళ్ళున్నారు గాని, వీపు కాదన్నవాళ్ళు లేరు.

చిన్నమ్మ ఆ వీపు కేసి చూసింది. "నీకున్నది ఒక్క సెయ్యి కదరా సన్నాసీ" అంది. దుప్పటితో కట్టుకుంటానన్నాడు. ఆమె ఎక్కింది.


తూకానికి ఇరవై ఆరు రోజులు

పొద్దున నేను మోస్తున్నాను. సాయంత్రం మావా, పదకొండో అంతస్తు కొర్లయ్యా వంతులేసుకుని మోస్తున్నారు. కొర్లయ్యకి చెవులు పోయాయి. ముప్పై పాళ్ళు. ఏం చెప్పినా అరిచి చెప్పాలి కాబట్టి మా రహస్యం అతనికి కాగితం మీద రాసి చూపించాం. చదివి, ఆ కాగితం నమిలి మింగేశాడు. సైన్యంలో అలవాటట.

చిన్నమ్మ బరువు నలభై నాలుగు కిలోలు. ఉప్పు బస్తా యాభై. మిల్లులో నన్ను తిట్టే మేస్త్రీని తల్చుకుంటూ ఎక్కేస్తాను.


తూకానికి పంతొమ్మిది రోజులు

మూడో అంతస్తు మలుపులో ఒకాయన ఎదురయ్యాడు. డెబ్బై పాళ్ళు, లిఫ్టు చెడిపోయి మెట్లెక్కుతున్నాడు. మమ్మల్ని చూసి, నలభై వాళ్ళకి పల్లకీ కూడా ఇస్తున్నారేమిటని వెటకారం చేశాడు. నేను తిరగబడబోయాను. వీపు మీంచి చిన్నమ్మే జవాబు చెప్పింది. "ఔనయ్యా, యాభై అయితే మేళం కూడా వొస్తాది" అంది. ఆయనా నవ్వాడు, కిందా పైనా అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆయనకి డెబ్బై, ఈమెకి నలభై అని రాసిన చెయ్యి ఎక్కడో చల్లని గదిలో కూర్చుని ఉంటుంది. దాన్ని వదిలేసి మనలో మనం పాళ్ళు చూసి ఏడుస్తున్నాం. నాలుగో నంబరు కరపత్రం అంతా దీని గురించే.


తూకానికి పదకొండు రోజులు

చిన్నమ్మ రాత్రులు పడుకుంటోంది. రెండేళ్ళుగా గోడకి చేరబడి కూర్చునే నిద్రపోయిన మనిషి, నిన్న వెల్లకిలా పడుకుంది. దగ్గు సగానికి తగ్గింది. ఆదివారం తనే బెల్లం, నువ్వులు దంచి ఉండలు చేసింది. కొర్లయ్యకి నాలుగు, మావకి మూడు, నాకు రెండు ఇచ్చింది. మోసిన బరువుని బట్టి కాదు, చెప్పిన కబుర్లని బట్టి ఇచ్చానంది. కొర్లయ్య ఏమీ మాట్లాడడు కాబట్టి అతనికి ఎక్కువట.

లిఫ్టు ఇస్తే ఆమె బతుకుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? మెట్లు ఆపి ఇరవై రోజులు. మనిషి తేరుకుంది. ఇదంతా తూకం నాడు వాళ్ళ మొహాన చెప్పాలని ఉంది. చెప్పకూడదు.


తూకానికి ఒక రోజు

దగ్గడం నేర్పబోయాను. వాళ్ళు ఊపిరి అడిగినప్పుడు కొంచెం ఆగి, కొంచెం వంగి, దగ్గి చెప్పమన్నాను. లేని దగ్గు దగ్గనంది. ఉన్న దగ్గు దాచుకోకుండా ఉంటే చాలన్నాను. ఆమె యూనిఫాం పెట్టె తీసి ఇస్త్రీ చేసుకుంటోంది. అది వేసుకుంటే నిటారుగా నిలబడుతుంది, నిటారుగా నిలబడితే పాళ్ళు తగ్గుతాయి. ఆ మాట అంటే ఇస్త్రీ పెట్టె పైకెత్తి నన్ను చూసింది. 


తూకం రోజు

వరసగా రాస్తాను. లేకపోతే రాయలేను.

తూకం వేసిన అధికారిణి పేరు మైథిలి. ముప్పై ఏళ్ళుంటాయేమో. నేను తిట్టుకున్న మొహం కాదు. మేం లోపలికి రాగానే లేచి నిలబడింది, చిన్నమ్మకి తన కుర్చీ దగ్గరికి లాగి వేసింది. పాదం చూసింది. పోయిన పాదం మళ్ళీ మొలవదు గనక ఆ ముప్పైని ఎవరూ ముట్టుకోరని చెప్పింది. తర్వాత కడియం లెక్క గోడ మీద వేసింది.

రెండు గీతలు వచ్చాయి. ఒకటి ఎర్రది, ఒకటి నీలం. ఎర్రది గుండె కొట్టుకునే వేగం. నీలం ఏమిటని అడిగాను. ఎత్తు అంది.

ఎత్తా అన్నాను.

చుట్టూ ఉన్న గాలి ఒత్తిడిని బట్టి మనిషి ఎంత పైకి వెళ్ళిందో, ఎంత కిందికి దిగిందో కడియం చూసుకుంటుందని చెప్పింది. అడుగుల లెక్క యుద్ధం అయిపోయినప్పుడే ఎత్తేశారట. పాదాలు లేనివాళ్ళకి అడుగులేం లెక్కపెడతామని తనే నవ్వింది.

నీలం గీత రోజుకి రెండుసార్లు నేల నుంచి తొమ్మిదో అంతస్తుకి లేచింది. ముప్పై రోజులూ లేచింది. ఎర్ర గీత మాత్రం పడుకుని ఉంది. ఎనభై రెండు, ఎనభై, ఎనభై ఐదు.

"అసిరమ్మ గారూ, నా సర్వీసులో ఇంత మంచి మార్పు చూడలేదు" అంది ఆ అధికారిణి. ఆమె మొహంలో నిజంగా సంతోషం ఉంది. "పాత నెలలు చూడండి. ఎక్కిన ప్రతిసారీ నూట నలభై దాటింది. అది శ్రమ గీత. ఆ లెక్క చూసి ఊపిరికి నలభై ఇవ్వొచ్చని ఫైలు మీద మేమే రాసుకున్నాం. కానీ నిబంధన ప్రకారం చివరి ముప్పై రోజులే తీసుకోవాలి. ఈ ముప్పై రోజుల్లో తొమ్మిది అంతస్తులు ఎక్కినా మీ గుండె తొంభై దాటలేదు."

మళ్ళీ చదువుకుంటే నా చేతి రాతే అయినా నమ్మబుద్ధి కావడం లేదు. ఫైలు మీద రాసుకున్నారట. ఊరుకుని ఉంటే, మామూలుగా ఆయాసపడుతూ ఎక్కుతూ ఉంటే, ఇవాళ అరవై వచ్చేది.

నేను లేచాను. మేం మోశామని చెప్పబోయాను. నోటి దాకా వచ్చింది కూడా. చిన్నమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఆమె చూపు అధికారిణి వెనకాల గోడ మీద ఉంది. కడియాన్ని మోసగించినవారికీ, అందుకు సాయపడినవారికీ అన్ని పాళ్ళూ రద్దు అని అక్కడ బోర్డు ఉంది. సాయపడినవారు అంటే సన్యాసిరావు మావ, కొర్లయ్య. వాళ్ళ ఇళ్ళూ మందులూ ఆ పాళ్ళతోనే వస్తున్నాయి.

"అయితే ఇప్పుడు మీకు మెట్లెక్కేటప్పుడు ఇబ్బంది ఏమీ లేదన్నమాట. నిజమేనా అండీ?" అని అడిగింది అధికారిణి. కలం పట్టుకుని ఉంది.

చిన్నమ్మ కుర్చీలోంచి లేచి, కర్ర వదిలేసి, యూనిఫాంలో నిటారుగా నిలబడింది.

"నేదమ్మా. బాగున్నాను" అంది.


తూకం తర్వాత నాలుగో రోజు

కాగితం వచ్చింది. పాదానికి ముప్పై. ఊపిరికి సున్న. మొత్తం ముప్పై. ఊపిరి బాగుంది కాబట్టి ఆవిరి మందు ఆపేశారు. ముప్పై వాళ్ళ అంతస్తుకి వారంలోగా మారాలి. కింద ఎవరో చేత్తో అభినందనలు అని కూడా రాశారు. మైథిలి గారే అయి ఉంటుంది.

చిన్నమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. నేనే వెళ్ళి సంఘం ఆఫీసులో బల్ల మీద కాగితాలన్నీ విసిరికొట్టాను. అక్కడున్నాయన కళ్ళద్దాలు సర్దుకుని, పదో నంబరులో సవరణ వేశాం చూసుకోలేదా అని అడిగాడు. చివరి పేజీలో ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో: తొమ్మిదో సంచికలో కడియం గురించిన వాక్యం పొరపాటు. పదో నంబరు మా వీధికి ఇంకా రానే లేదు.

తొమ్మిదిని నమ్మింది నేనే కదా. కిటికీ దగ్గర గుమాస్తాని పట్టుకుని మిగిలిన మనిషి గురించి అంతసేపు అరిచినదాన్ని, ఆ నోటితోనే కడియం ఏం చూస్తుందని ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేవాడు. చాలా ఓపికున్నవాడు.


తూకం తర్వాత తొమ్మిదో రోజు

పదకొండుకి మారాం. నూట తొంభై ఎనిమిది మెట్లు. సామాను కొర్లయ్య మోశాడు. పక్క వాటాయే అతనిది.

మళ్ళీ తూకానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈసారి తొంభై రోజుల లెక్క అడుగుతున్నారు. ఒకసారి బాగుపడిన ఊపిరి మళ్ళీ చెడిందని నమ్మాలంటే తొంభై రోజులు కావాలట. తొంభై రోజులూ ఎక్కిన ప్రతిసారీ ఎర్ర గీత నూట నలభై దాటాలి. మేం చూసి రాసుకోవడానికని కడియం మీద గుండె అంకె కనబడేలా ఇప్పుడు మార్చారు. వానలు మొదలయ్యాయి. ఆవిరి మందు లేదు. నర్సు చెప్పిన మాట నేనింకా చిన్నమ్మకి చెప్పలేదు.

ఈ పుస్తకం ఇక ఎవరికీ చూపించడానికి లేదు. ఇందులో మోసిన సంగతంతా ఉంది. ఆఫీసుకి వేరే పుస్తకం పెట్టాను. అందులో తేదీ, మెట్లు, గుండె అంకె, అంతే.


తూకం తర్వాత పదో రోజు

హాజరు అయ్యాక మెట్ల దగ్గరికి వచ్చాం. మావ అక్కడే ఉన్నాడు. తూకం నాటి నుంచి మా ముందుకు రాలేదు. పట్టీ గుణం తెలుసన్నది తనేనని తలెత్తుకోలేకపోతున్నాడని కొర్లయ్య రాసి చూపించాడు. మావ మొదటి మెట్టు ముందు వెనక్కి తిరిగి, దుప్పటి భుజాన వేసుకుని, మోకాళ్ళు వంచాడు.

చిన్నమ్మ ఆగింది. ఆ వీపు ఎక్కితే ఎర్ర గీత పడుకుంటుంది. అది ఆయనకీ తెలుసు. అయినా ఇచ్చాడు, ఇంకేం ఇవ్వాలో తెలియక.

"లెగు సన్నాసీ" అంది.

ఆయన లేవలేదు.

"నీ వీపొద్దు నాకు" అంది చిన్నమ్మ. ఆయన్ని తప్పించుకుని కర్ర మొదటి మెట్టు మీద పెట్టింది. మావ అలాగే వంగి ఉన్నాడు. మేం రెండో అంతస్తు మలుపు తిరిగేదాకా నేను చూస్తూనే ఉన్నాను, ఆయన లేవలేదు.


తూకం తర్వాత ఇరవై రెండో రోజు

నా పని మూడు మెట్లు వెనకాల నడవడం. ముట్టుకోకూడదు. చెయ్యి పట్టుకుంటే ఆయాసం తగ్గుతుంది, ఆయాసం తగ్గితే అంకె తగ్గుతుంది. పడిపోతే పట్టుకోవాలి, పడేదాకా పట్టుకోకూడదు. నీళ్ళ బిందె ఇదివరకు నేను తెచ్చేదాన్ని. ఇప్పుడు ఆమె తెస్తోంది, బరువుంటే గుండె తొందరగా లేస్తుందని. ఆ ఉపాయం నాదే.

నాలుగో అంతస్తులో నూట పంతొమ్మిది. ఆరులో నూట ఇరవై ఎనిమిది. ఎనిమిది దగ్గర గోడకి చేరబడి నిలబడింది. పెదాలు నీలంగా ఉన్నాయి. నిలబడేసరికి అంకె నూట ఇరవై రెండుకి దిగింది. ఇవాళ దాటకపోతే నిన్నటిదాకా పడ్డ పన్నెండు రోజులూ పోయి మళ్ళీ మొదటి నుంచి లెక్క. ఆగొద్దన్నాను. గట్టిగానే అన్నాను. ఆమె కదిలింది.

తొమ్మిది. మా పాత తలుపు ముందు నూట ముప్పై నాలుగు. వేరేవాళ్ళ పిల్లల చెప్పులున్నాయి అక్కడ. పది మలుపులో చిన్నమ్మ ఊపిరి ఈల వేస్తున్నట్టు వినబడుతోంది. నేను ఆమె వీపు చూడటం లేదు, కాలు చూడటం లేదు. మణికట్టు మీద అంకె ఒక్కటే చూస్తున్నాను. నూట ముప్పై ఎనిమిది. ముప్పై తొమ్మిది. బిందె మెట్టుకి తగిలి నీళ్ళు తొణికాయి, చిన్నమ్మ ముందుకి తూలి రెయిలింగు పట్టుకుంది. నూట నలభై మూడు.

ఆమె మెట్టు మీద కూలబడింది. ఊపిరి అందిన తర్వాత తలెత్తి నన్ను చూసింది.

"ఎంత?" అంది.

"నూట నలభై మూడు."

"సరిపోద్దా?"

"సరిపోద్ది, చిన్నమ్మా."

ఇంకా నన్నే చూస్తోంది. కొంగుతో నోరు తుడుచుకుంది.

"నవ్వుతున్నావే, గుంటా" అంది.

ఆఫీసు పుస్తకంలో 143 అని వేశాను. ఇందులో ఇది రాస్తున్నాను.